అరచేతిలో లేచిన టెంకాయ

మంగళవారం, కనిగిరి పక్క

కంది కోసేసిన చేలో ఈ రోజు బోరు పాయింటు చూశారు. పీచు ఒలిచి పిలక మాత్రం ఉంచిన టెంకాయను పెద్దాయన అరచేతిలో పడుకోబెట్టి, గట్టు వెంబడి మెల్లగా నడిచాడు. ఒకచోట కాయ నిటారుగా లేచింది. "చూడబ్బయ్యా, గంగమ్మ తోస్తా ఉంది!" చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఆయన కావాలని తిప్పలేదు, అదీ నిజమే.

అయినా లేపింది చెయ్యే. గుండ్రటి కాయ, లోపల కదిలే నీళ్లు. 'ఇక్కడే' అని మనసుకు తోచగానే మణికట్టు రవ్వంత వంగితే చాలు. తెలియకుండా జరిగే ఈ కదలికకు 1852లో ఇంగ్లండు వైద్యశాస్త్రజ్ఞుడు విలియం కార్పెంటర్ ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు. జనం బల్ల మీద చేతులుంచి కూర్చుని, ఆత్మలే బల్లలు తిప్పుతున్నాయని గోలెత్తినప్పుడు 1853లో శాస్త్రవేత్త ఫారడే చేతులకీ బల్లకీ మధ్య మెత్తటి జిగురుతో అట్టలు పేర్చాడు. పై అట్టే ఎక్కువ జరిగింది. అంటే ముందు కదిలింది బల్ల కాదు, చేతులు.

టెంకాయ పరీక్ష ఇంకా తేలిక. పాయింటులో మేకు దిగ్గొట్టి మన్ను కప్పాలి. పెద్దాయన కళ్లకు గంతలు కట్టి వేరే గట్టు నుంచి నడిపించి, కాయ మళ్లీ అక్కడే లేస్తుందేమో చూడాలి. చెయ్యి పట్టుకునేవాడికీ మేకు జాడ తెలియకూడదు. తెలిస్తే వాడి అడుగే చెప్పేస్తుంది.

మరి నీళ్లు పడుతున్నాయి కదా అంటారు. చివికిన రాయి మందంగా ఉన్న పల్లంలో ఎక్కడ దించినా ఎంతో కొంత తగులుతుంది. పల్లం, పుట్ట, ఎండల్లోనూ పచ్చగా నిలిచిన చెట్టు ఆయన కంటికి తెలుసు. వరాహమిహిరుడు బృహత్సంహితలో నీటి జాడకు చెప్పిన గుర్తులూ పుట్టలూ చెట్లే. నన్నడిగితే కాయ కంటే ఆ కన్ను విలువైంది.

నేలలోకి కరెంటు పంపి నీటి జాడ వెతికే రెసిస్టివిటీ మీటరుకూ తిప్పలున్నాయి. ఒకే వరసలో నాలుగు కడ్డీలు. బయటి రెంటికి కరెంటు, లోపలి రెంటి మధ్య వోల్టేజి. బయటివి దూరం జరిపేకొద్దీ లోతు రీడింగు వస్తుంది. ఎండిన నేలలో కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోయకపోతే కరెంటు దిగదు. పక్కన ఇనప కంచె ఉంటే రీడింగు చెడుతుంది. రెసిస్టివిటీ, అంటే కరెంటుకు నేల అడ్డుపడే గుణం, తగ్గితే నీళ్లేనని గంతులేయకూడదు, బంకమన్నూ అంతే చూపిస్తుంది. కొత్తపట్నం తీరంలో ఉప్పునీరూ అంతే. లోతున సన్నటి నెర్రె ఉంటే అసలు చిక్కకపోవచ్చు.

పడిన బోరు ఊరంతా చెప్పుకుంటారు, ఎండిన బోరు పూడ్చేసి మర్చిపోతారు. అందుకే రిగ్గు దిగాక పది అడుగులకొక కుప్పగా రాతిపొడి విడిగా పోసి, ఏ అడుగున తడి తగిలిందో నోటుబుక్కులో రాయాలి. ఏమీ పడకపోయినా రాయాలి, కేసింగు మూతి బిగించాలి.