పదకొండు పాయింట్లు ఖర్చుపెట్టేస్తున్నా

ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటలతో కొలరాడోలో జింకల వేట డ్రాకి గడువు అయిపోతుంది. 2014 నుంచి ఏటా ఈ వారంలో నేను చేసే పని ఒకటే. లాగిన్ అవడం, మొదటి ఆప్షన్‌లో నేను కోరుకున్న ఆ ఒక్క యూనిట్, అంటే వేట ప్రాంతం, కోడ్ కొట్టడం, డబ్బు కట్టడం. వేసవి మొదట్లో 'రాలేదు' అని ఫలితం వస్తుంది, ఖాతాలో ఇంకో పాయింట్ చేరుతుంది. అలా ఇప్పటికి పదకొండు పాయింట్లు చేరాయి. ఈసారి మాత్రం రెండు వారాలుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు, ఎందుకంటే ఆ యూనిట్ కోసం ఇంకా ఆగాలా, లేక ఉన్న పాయింట్లతో ఇప్పుడు దొరికేది తీసుకుని ఈ నవంబర్‌లోనే కొండెక్కాలా అన్నది తేల్చుకోవాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇదంతా వింతగా ఉంటుందని తెలుసు. మనకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకని వేటాడటం అంటే జైలుకెళ్లడమే, అది అలాగే ఉండాలి కూడా. ఇక్కడ పద్ధతి వేరు. చలికాలంలో ప్రభుత్వ వన్యప్రాణి శాఖ వాళ్లు హెలికాప్టర్లలో తిరిగి ఏ ప్రాంతంలో ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఎన్ని పిల్లలు ఉన్నాయో అంచనా వేస్తారు, దాన్ని బట్టి ఆ ఏడాది ఏ యూనిట్‌లో ఎన్ని ట్యాగ్‌లు ఇవ్వాలో నిర్ణయిస్తారు. ట్యాగ్ అంటే ఒక జింకకి అనుమతి, అంతే. ఇక్కడి పశ్చిమ కొండల్లో ఉండేవి మ్యూల్ డీర్, కంచరగాడిదకి ఉన్నంత చెవులు ఉంటాయి కాబట్టి ఆ పేరు. 1999 నుంచి వాటి ట్యాగ్‌లన్నీ డ్రాలోనే. అడిగేవాళ్లు ఎక్కువ, ట్యాగ్‌లు తక్కువ, కాబట్టి ఎవరి దగ్గర పాయింట్లు ఎక్కువ ఉంటే వాళ్లకి ముందు.

నేను కోరుకున్నది నాలుగో రైఫిల్ సీజన్, అంటే తుపాకీతో వేటాడే నాలుగో విడత. యూనిట్ పేరు రాయను, ఏ వేటగాడూ రాయడు. నవంబర్ మూడో వారంలో ఐదే ఐదు రోజులు ఉంటుంది. అప్పుడు మంచు పడి జింకలు పై కొండల నుంచి కిందికి దిగుతాయి, పైగా అది జతకట్టే కాలం, ఏడాదంతా కంటికి కనబడకుండా తిరిగే ముదురు మగ జింక ఆ వారంలో ఆడవాటి వెంట పడి పట్టపగలే బయటికొస్తుంది. అందుకే ఆ ట్యాగ్‌లు చాలా తక్కువ ఇస్తారు, అందుకే అంత గిరాకీ. మరీ గిరాకీ ఉన్న కొన్నిటిలో 20 శాతం వరకు, కనీసం 5 పాయింట్లున్న వాళ్లందరినీ కలిపి లాటరీ తీసి ఇస్తారు. ఆ లాటరీ కూడా నాకెప్పుడూ తగల్లేదు.

అసలు చిక్కు ఏంటంటే ట్యాగ్ రావడానికి ఎన్ని పాయింట్లు కావాలన్న గీత కదులుతూ ఉంటుంది. నేను ఒక మెట్టెక్కితే గీత కూడా ఒక మెట్టెక్కుతోంది. నా ముందున్న వాళ్లు తీసుకుని వెళ్లిపోతే నా వంతు రావాలి కదా, కానీ ఏటా కొత్తవాళ్లు వస్తున్నారు, ఇన్నాళ్లూ వేరే యూనిట్ కోసం దాచుకున్న వాళ్లు విసిగిపోయి ఇటు తిరుగుతున్నారు. పోయినేడాది డ్రా రిపోర్టు ముందు పెట్టుకుని రాత్రి పన్నెండు దాకా లెక్కలు వేశా. నాకు ఇంకో ఆరేడేళ్లు పట్టేలా ఉంది. మొదలుపెట్టినప్పుడు కూడా ఇంచుమించు అంతే అనుకున్నా.

ఈ బాధ మనవాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మా కంపెనీ నా గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసిందీ 2014లోనే. ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి, మా కేటగిరీ అయిన ఈబీ2 ఇండియా వరుసలో ఏ తేదీ వాళ్ల వంతు వచ్చిందో చూడటం, రెండు వారాలు ముందుకి జరిగితే సంబరపడటం, ఉన్నట్టుండి ఏడాది వెనక్కి పోతే నోరు మూసుకుని కూర్చోవడం. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి ఉన్నంతకాలం ఇది ఇంతే. ఆ లైన్‌లోంచి నేను తప్పుకోలేను, పిల్లల చదువులు, ఇల్లు, బతుకంతా దానికే కట్టేసి ఉంది. జింకల లైన్‌లోంచి మాత్రం తప్పుకోవచ్చు. ఈ తేడా ఇన్నేళ్లూ నా బుర్రకి ఎందుకు తట్టలేదో తెలియదు. లైన్‌లో నిలబడటం అలవాటైపోయి, నిలబడటమే పని అనుకున్నానేమో.

ఇంకో సంగతి కూడా ఉంది. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి నాకుండేది 60 రోజులు. పోయిన అక్టోబర్‌లో మా టీమ్‌లో ముగ్గుర్ని తీసేశారు, అందులో ఒకతను పదేళ్లుగా ఇక్కడున్నవాడు, ఇల్లు అమ్ముకుని సంక్రాంతికల్లా హైదరాబాద్ వెళ్లిపోయాడు. నాకు అదే పరిస్థితి వస్తే ఈ పదకొండు పాయింట్లు ఏమవుతాయి? మార్కాపురంలో వాటిని ఏం చేసుకుంటాను? హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు తుపాకీ దగ్గర పెట్టుకోగలిగేదే వేట లైసెన్స్ ఉందన్న మినహాయింపు వల్ల, ఆ లైసెన్స్ తేదీ దాటిపోకుండా చూసుకోవడమే నాకో టెన్షన్. అలాంటివాణ్ణి నేను ఆరేడేళ్ల తర్వాతి నవంబర్ గురించి ప్లాన్ వేసుకుంటున్నా.

నాకు వేట నేర్పింది మా పక్కింటి పెద్దాయన. రిటైరైన మెకానిక్, మనిషి బంగారం. మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఆయన గరాజ్‌లో వేలాడుతున్న జింకని చూసి మా ఆవిడ భయపడిపోతే, మర్నాడు కాగితంలో చుట్టిన మాంసం ముక్క తెచ్చి ఇచ్చి, ఎలా వండుకోవాలో కూడా చెప్పి వెళ్లాడు. ఆయనా నాలాగే ఒక్క ట్యాగ్ కోసం ఇరవై ఏళ్లకి పైగా ఆగాడు. మొన్నామధ్య వచ్చింది కూడా. ఆ వేసవిలోనే మోకాలు పూర్తిగా పోయింది, ఆపరేషన్ అయ్యింది. సీజన్‌కి ముందే ట్యాగ్ వెనక్కి ఇచ్చేశాడు, నియమాల ప్రకారం పాయింట్లన్నీ మళ్లీ ఖాతాలోకి వచ్చాయి. ఇప్పుడు వాటిని ఏం చేస్తావని అడిగితే, గోడకున్న రైఫిల్ వైపు చూసి, "అరవై ఏళ్లప్పుడే వెళ్లాల్సింది" అన్నాడు. నాకిప్పుడు నలభై నాలుగు. ఇంకా టైముందిలే అనిపించే వయసే, కానీ పోయినేడాది కొండ దిగుతుంటే ఎడమ మోకాలు మొదటిసారి పలికింది.

నేను చేసిన అసలు తప్పు ఆగడం కాదు. మొదటి ఆరేళ్లూ పాయింట్లు మాత్రమే పోగేస్తూ అసలు వేటకే వెళ్లకపోవడం. ఎలాగూ పెద్ద ట్యాగ్ వస్తుంది, సెలవులు దానికి దాచుకుందాం అనుకున్నా. ఇక్కడి డ్రాలో మొదటి ఆప్షన్‌కి మాత్రమే పాయింట్లు ఖర్చవుతాయి, రెండో ఆప్షన్‌లో తక్కువ గిరాకీ ఉన్న ట్యాగ్ తగిలితే పాయింట్లు అలాగే ఉంటాయి, పైగా మొదటిది రాలేదు కాబట్టి ఆ ఏడాది పాయింట్ కూడా కలుస్తుంది. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

2020లో అలా వెళ్లా మొదటిసారి. రెండో సీజన్, తొమ్మిది రోజులు. ఐదు రోజులు నాకు ఒక్క జింకా కనబడలేదు. లేక కాదు, నాకు చూడటం రాక. జింకంతా కనబడుతుందని వెతికేవాణ్ణి, పెద్దాయన చెప్పాక తెలిసింది, వెతకాల్సింది పొదల మధ్య అడ్డంగా ఉన్న ఒక గీతని, కదిలే ఒక చెవిని, ముక్కు దగ్గర మెరిసే తడిని. ఆరో రోజు పొద్దున్నే ఒక మంచి మగ జింక రెండు వందల గజాల్లో నిలబడింది. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో గబగబా ఎక్కి వచ్చి ఉన్నానేమో, ఆయాసానికి స్కోప్‌లో గీతలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. ఆగాల్సింది. ఆగకుండా పేల్చా. గుండు ఎటు పోయిందో తెలియదు, జింక మాత్రం నాలుగు కాళ్లూ ఒక్కసారే లేపి స్ప్రింగ్ మీద ఎగిరినట్టు గెంతుకుంటూ గట్టు దాటిపోయింది. రెండు గంటలు అక్కడంతా తిరిగి రక్తం చుక్క లేదని ఖాయం చేసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నా. అదే పెద్ద ట్యాగ్ చేతిలో ఉన్నప్పుడు జరిగి ఉంటే? అన్నేళ్ల పాయింట్లతో వెళ్లి మొదటి ఐదు రోజులూ చూడటం నేర్చుకుంటూ కూర్చుంటే, ఆ సీజన్ మొత్తమే ఐదు రోజులు.

2022లో ఒక చిన్న బక్, అంటే మగ జింక, దొరికింది, కొమ్ముకి రెండు కొనలే ఉన్నవాడు. దాన్ని పడగొట్టాక చేతులు వణికాయి, కాసేపు దాని మెడ మీద చెయ్యేసి కూర్చున్నా, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది, చుట్టూ సేజ్ పొదల వాసన. ట్యాగ్ మీద సంతకం చేసి, తేదీ వేసి కట్టి, మగదని తెలిసే ఆనవాలు ఒంటికే ఉండేలా జాగ్రత్తగా కోసి, నాలుగు విడతలుగా మోసుకొచ్చా. తల సీడబ్ల్యూడీ పరీక్షకి ఇచ్చా. అది జింకల మెదడుకొచ్చే జబ్బు, కొలరాడోలో ఇప్పుడు చాలా చోట్ల ఉంది, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే. లేదని రిపోర్టు వచ్చిన రోజు మా ఆవిడ జబ్బ మాంసాన్ని గోంగూరతో వండింది. కొవ్వు అసలుండదు కాబట్టి మేకమాంసం కంటే రెండు విజిల్స్ ఎక్కువ పెట్టి, నూనె కాస్త ఎక్కువ వెయ్యాల్సి వచ్చింది. అమ్మ ఫోన్‌లో "పాపం రా అయ్యా, నల్లమలలో దుప్పులని చూసి మీ తాత దణ్ణం పెట్టేవాడు" అంది. ఆ మాట నాకు ప్రతి వేటలోనూ గుర్తొస్తుంది. అందుకే సరిగ్గా తగులుతుందన్న నమ్మకం లేకపోతే ఇప్పుడు పేల్చను.

ఇక ఆగడంలో మన చేతిలో లేనిది వాతావరణం. 2007-08 చలికాలంలో గన్నిసన్ లోయలో ఎంత మంచు పడిందంటే, శాఖ వాళ్లే మేత తీసుకెళ్లి జింకలకి వెయ్యాల్సి వచ్చింది, అయినా చాలా పోయాయి. 2022-23 చలికాలం వాయవ్య కొలరాడోని అలాగే దెబ్బకొట్టింది, ఆ తర్వాత అక్కడ ట్యాగ్‌లు బాగా కోసేశారు. పదిహేనేళ్లు ఆ వైపు యూనిట్ కోసం ఆగినవాళ్లు ఏం చేస్తారు? జింకలు మళ్లీ పెరిగేదాకా ఇంకా ఆగాలి. మనం కూడబెట్టేది పాయింట్లే, ముదురు బక్కుల్ని కాదు. అవి ఐదారేళ్లు బతికితేనే ఆ కొమ్ములు వస్తాయి.

అందుకని ఈసారి మొదటి ఆప్షన్‌లో వేరే కోడ్ పెడుతున్నా. మూడో సీజన్, మా ఇంటి నుంచి నాలుగున్నర గంటల దూరం, మొన్నటి రిపోర్టుల ప్రకారం ఆరు పాయింట్లకి వస్తున్న యూనిట్. ఇబ్బంది ఏంటంటే ఆరు పాయింట్ల ట్యాగ్‌కి నా పదకొండూ పోతాయి, చిల్లర తిరిగి రాదు. మా ఆవిడ అదే అంది, "ఐదు పాయింట్లు ఊరికే వదిలేసుకుంటారా?" అని. నాకూ మొదట అక్కడే మనసు పీకింది. కానీ మా వాడి సంగతి తీసుకునేసరికి లెక్క తిరగబడింది.

వాడికి వచ్చే ఏడాది పన్నెండు నిండుతాయి. ఇక్కడ పెద్ద జంతువుల వేటకి అదే కనీస వయసు. హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ వాడు అప్పుడే తెచ్చేసుకున్నాడు, పరీక్షలో నాకంటే ఎక్కువ మార్కులు. ఇద్దరం కలిసి గ్రూప్‌గా అప్లై చేస్తే, గ్రూప్‌లో ఎవరికి తక్కువ పాయింట్లుంటే అందరికీ ఆ పాయింట్లే లెక్క. వాడిది సున్నా, కాబట్టి నా పదకొండూ ఉండి కూడా సున్నాయే. మొదటి ఆప్షన్‌లో వచ్చిందంటే నావన్నీ అలాగే ఖర్చయిపోతాయి. అవి పట్టుకుని కూర్చున్నంతకాలం నేనొక లైన్‌లో, వాడొక లైన్‌లో. ఇప్పుడు ఖర్చుపెట్టేస్తే వచ్చే ఏడాది ఇద్దరం సున్నా దగ్గరే, ఏటా ఇద్దరికీ ఒక్కో పాయింట్. పెద్ద యూనిట్ ఎప్పటికైనా వస్తే ఇద్దరికీ కలిసే వస్తుంది. వాడికి పద్దెనిమిది నిండి కాలేజీకి వెళ్లేలోపు నాకున్నవి ఆరు నవంబర్లు. వాటిని ఎక్కడో ఒక యూనిట్‌లో వాడితో గడపాలని ఉంది.

ఈ ఏడాది వాడు నాతో ఊరికే వస్తాడు, బైనాక్యులర్స్ వాడివే. నిన్న ఆదివారం ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. వాడు బుక్‌లో చూసి కోడ్ చదువుతున్నాడు, నేను కొడుతున్నా. డి అంటే డీర్, ఎం అంటే మగది, తర్వాత యూనిట్ నంబర్, తర్వాత సీజన్, చివర ఆర్ అంటే రైఫిల్. సీజన్ దగ్గర ఆగిపోయాడు.

"నాన్నా, ఇది సున్నానా, ఓ నా?"

"ఓ. సున్నా కొడితే తీసుకోదు."

ఇంకోసారి మొత్తం వాడి చేత చదివించి, మొదటి ఆప్షన్‌లో పెట్టి డబ్బు కట్టేశా. గడువులోగా మార్చుకునే వీలుంది కానీ మార్చను. ఫలితాలు వచ్చాక జూలైలో ఒకసారి అక్కడికి వెళ్లి నీళ్లెక్కడున్నాయో, జింకల దారులు ఎటు పోతున్నాయో చూసి రావాలి. అంతకంటే ముందు వాడికి బూట్లు కొనాలి, పోయినేడాదివి అప్పుడే ఇరుకైపోయాయి.