ప్రహ్లాదుడి నవ్వు, ప్రహ్లాదుడి ఏడుపు

పోతనగారి ప్రహ్లాదుడు ఒకచోట ఒంటరిగా ఏడుస్తాడు. ఇంకోచోట గొంతెత్తి పాడతాడు, మరోచోట పెద్దగా నవ్వుతాడు.

"నలినాక్షుఁడను నిధానముఁ గంటి నే నని
యుబ్బి గంతులు వైచు నొక్కచోట"

తామరకన్నుల స్వామి అనే నిధి దొరికిందని పొంగిపోయి గంతులేస్తాడట. చివరికి కళ్లు మూసుకుని, ఒళ్లంతా పులకరించి, మాటాపలుకూ లేకుండా నిలబడిపోతాడు. ఈ పద్యం చదివినప్పుడల్లా, ఇలాంటి పిల్లవాడు ఇవాళ మన విశాఖలో, గాజువాకలోనో మధురవాడలోనో మనింట్లో ఉంటే ఏం చేస్తామా అనిపిస్తుంది. కొందరు తాయెత్తు కట్టిస్తారు, కొందరు కాళ్లకు మొక్కుతారు, కొందరు టెన్షన్‌తో డాక్టరు దగ్గరికి పరిగెడతారు.

అదే ఘట్టంలో పోతన ఇంకో మాటా చెప్పాడు. ఆ పిల్లవాడు పెద్దలు కనబడితే దగ్గరికెళ్లి నమస్కరిస్తాడు. తోటివాళ్లను తోబుట్టువుల్లా చూస్తాడు. "లీలలందును బొంకులు లేనివాఁడు", ఆటల్లో కూడా అబద్ధమాడడు. గురువులు చెప్పింది చదివాడు. అంత భక్తిలో మునిగినా చుట్టూ ఉన్న మనుషులతో అతని సంబంధం ఎక్కడా తెగలేదు.

సైకియాట్రీ కూడా ఇదే చూస్తుంది. దేవుడు పలికాడనో కలలో కనిపించాడనో చెప్పినంత మాత్రాన మంచి డాక్టరెవరూ జబ్బని రాసేయరు. ఆ మనిషి పెరిగిన సంప్రదాయంలో అది మామూలు నమ్మకమేనా, నిద్రాహారాలు ఎలా ఉన్నాయి, పనీ సంసారం సాగుతున్నాయా అని అడుగుతారు. అమెరికా సైకియాట్రీ సంఘం 1994లో తెచ్చిన వర్గీకరణలో, విశ్వాసం సడలడం లాంటి ఆధ్యాత్మిక సంక్షోభాలను మానసిక జబ్బుల్లో కలపకుండా, శ్రద్ధగా వినవలసిన సమస్యలుగా విడిగా చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా ఊరి ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని జబ్బుగా లెక్కించదు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టమైతే, చుట్టూ ఉన్నవాళ్ల మత విశ్వాసాలతో ఏకీభవించలేదన్న కారణంగా ఎవరినీ మానసిక రోగి అనకూడదని స్పష్టంగా చెబుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది రెండోవైపు, అంటే జబ్బును భక్తి అనుకోవడం. డిప్రెషన్ వచ్చిన భక్తుడు భక్తుడి భాషలోనే బాధపడతాడు. "నేను పాపిని, స్వామి నన్ను వదిలేశాడు, జపంలో కూర్చుంటే ఏమీ అనిపించట్లేదు" అంటాడు. మనం దాన్ని వైరాగ్యమని మెచ్చుకుంటాం, లేదా పారాయణం ఇంకా పెంచమంటాం. పెంచితే అదీ చేయలేక, తనే పాపినన్న భావం మరింత గట్టిపడుతుంది. దిగులు, నిరాసక్తత రెండు వారాలు దాటి రోజంతా వదలకపోతే, తిండీ నిద్రా చెడితే, డాక్టరుకు చూపించాలి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట లేకుండా "నేనే అవతారాన్ని" అంటున్నా, వినిపించే గొంతు తిడుతున్నా, చావమనో చంపమనో ఆజ్ఞాపిస్తున్నా ఆ రోజే తీసుకెళ్లాలి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరెత్తితే పరువు పోతుందనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సాధన రోజుల్లో రామకృష్ణ పరమహంసను కూడా కలకత్తాలో ఆయుర్వేద వైద్యుడికి చూపించారు. తర్వాత భైరవీ బ్రాహ్మణి అనే సాధకురాలు వచ్చి అది భక్తి పరాకాష్ఠలో కలిగే మహాభావమని గుర్తించింది. వైద్యుడికి చూపించినందువల్ల ఆయన సాధనకు ఏ లోటూ రాలేదు.

ఇక మన సింహాద్రి అప్పన్న సంగతి చూడండి. స్వామి ఉగ్రాన్ని చల్లబరచాలని ఏడాదంతా చందనంలో ఉంచుతాం. అక్షయ తృతీయనాడు నిజరూప దర్శనమయ్యాక మళ్లీ పూత మొదలవుతుంది. అది కూడా ఒక్కసారిగా కాదు. ఆ రోజు మూడు మణుగులు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగులు. స్వామికి ఇంత ఓపికగా సేవ చేసే ఊళ్లో, తల వేడెక్కిన మనిషికి మందు ఇస్తే భక్తి తక్కువైనట్టు ఎందుకనుకోవాలి? డిప్రెషన్ మందులు పనిచేయడానికి కూడా కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి గుణం లేదని మానేస్తే ఎలా?

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లేవాళ్లకు ఒక మాట. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, సీతమ్మధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు చాలామంది రాత్రంతా నడుస్తారు. కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కమ్మే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు ఒక్క రాత్రి జాగరణ కూడా ఉన్మాదాన్ని తిరగబెట్టవచ్చు. ఆ జబ్బుకిచ్చే లిథియం వాడేవాళ్లు ఉపవాసముండి, చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకపోతే రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరుగుతుంది. ముందే డాక్టరును అడగండి. ఆయన వద్దంటే మీ తరఫున ఇంట్లో ఇంకొకరు నడుస్తారు, మీరు పగటిపూట కొండకెళ్లి దర్శనం చేసుకోండి. ఇంట్లో ఎవరి మనసైనా చెదిరినట్టు అనిపించి ఎవరిని అడగాలో తోచకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.