గ్రాఫ్‌లో గీత లేచింది!

నిన్న సాయంత్రం గ్రాఫ్ సరిగ్గా వచ్చింది. ఆ ఊపులోనే రాస్తున్నాను, కోపం మాత్రం ఇంకా దిగలేదు.

విశాఖలో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. దాతల రక్తంలోంచి పీబీఎంసీలు, అంటే లింఫోసైట్లు, మోనోసైట్లు ఉండే తెల్లకణాల పొర తీసి, అవి ఎంత ఆక్సిజన్ వాడుతున్నాయో కొలవాలి. కణాలను బరువును బట్టి విడదీసే ఫైకాల్ ద్రవం మీద రక్తం పోసి, యంత్రంలో గిర్రున తిప్పి పొర లాగడం ఒక్క పూట పని. గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్ఓ ద్రవం 10 శాతం కలిపి, నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబరిచే డబ్బాలో వేసి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టేశాను. మర్నాడు ద్రవ నైట్రోజన్ ట్యాంకులోకి మార్చాలి.

ట్యాంకు ఖాళీ. స్టోర్స్‌కి వెళ్తే ఇండెంట్, అంటే సరుకు కావాలని పెట్టే కాగితం, దాని మీద సంతకం లేదన్నారు, సంతకం పెట్టిస్తే సీలు లేదన్నారు, రెండూ ఉన్న రోజు స్టోర్స్ చూసే ఆయన లంచ్‌కి వెళ్లారు. "ఫ్రీజర్ నడుస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి?" అంటారు. మైనస్ 80లో కూడా మంచు స్ఫటికాలు మెల్లగా పెరుగుతుంటాయి, మైనస్ 135 కంటే కిందికి వెళ్తేనే అన్నీ ఆగుతాయని ఆయనకెక్కడ చెప్పను? అలా 5 వారాలు. మే నెల ఉక్కలో ఆ ఫ్రీజర్ తలుపు ఎంతమంది ఎన్నిసార్లు తీశారో!

కరిగించి, చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేస్తే పదింట తొమ్మిది కణాలు బతికే ఉన్నాయి. సంబరంగా, కణాలు వాడే ఆక్సిజన్‌ను కొలిచే సీహార్స్ మెషీన్‌లో పెట్టాను. ఎఫ్‌సీసీపీ అనే రసాయనం పడగానే, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పగ్గం తెంపుకున్నట్టు ఆక్సిజన్ లాగాలి. గీత కదల్లేదు. మూడుసార్లు చేశాను, అంతే. మీటింగ్‌లో అందరి ముందూ గైడ్ గారు "నీకు పిపెట్ పట్టుకోవడం ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. జూనియర్ నవ్వాడు. బస్సులో ఎవరైనా పలకరిస్తే ఏడ్చేస్తానని ఆ రాత్రి మద్దిలపాలెం నుంచి ఎంవీపీ కాలనీకి నడిచే వెళ్లాను.

చివరికి ఒకే దాత తాజా కణాలు, ఫ్రీజర్‌లోవి పక్కపక్కన పెట్టాను. తాజావి ఎగిశాయి, ఫ్రీజర్‌వి పడుకున్నాయి. తప్పు నా చేతిది కాదు! ట్రిపాన్ బ్లూ చెప్పేది కణం పొర చిరగలేదని మాత్రమే, లోపల మైటోకాండ్రియా సంగతి దానికేం తెలుసు?

ఈసారి మర్నాడే నైట్రోజన్‌లోకి మార్చాను, 37 డిగ్రీల నీళ్లలో గబగబా కరిగించి, వెచ్చటి మీడియం (కణాలకు పోషకాలిచ్చే ద్రవం) చుక్కచుక్కగా పోసి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో విశ్రాంతినిచ్చాను. తాజావాటంత ఎత్తు రాలేదు కానీ గీత లేచింది. ఇదే పని చేసేవాళ్లు మోనోసైట్లు తగ్గాయేమో కూడా లెక్క చూసుకోండి, కణాల పాళ్లు మారితే మొత్తం గ్రాఫే మారిపోతుంది. తాజావీ ఫ్రీజ్ చేసినవీ ఒకే పోలికలో కలపకండి. ఇండెంట్ మాత్రం రక్తం తీయడానికి నెల ముందే పడేయండి, నైట్రోజన్ కళ్లతో చూశాకే దాతను పిలవండి.

గైడ్ గారు గ్రాఫ్ చూసి "ఊఁ" అన్నారు. జూనియర్ పొద్దున్నే వచ్చి "అక్కా, ఆ ప్రోటోకాల్ ఒకసారి ఇస్తావా?" అన్నాడు. ఇంకా ఇవ్వలేదు.