ఏబీఎస్ నాబ్‌లలో ఇత్తడి ఇన్సర్ట్‌లు: రెండో విడత

మొదటి విడతలో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోసిన పన్నెండు నాబ్‌లలో (చేత్తో తిప్పి బిగించే పిడులలో) ఏడు, అచ్చు నుంచి తీసిన మూడో రోజుకల్లా పగిలిపోయాయి. వాటిని ఎవరూ బిగించలేదు, కింద పడెయ్యలేదు. బల్ల మీద పెట్టినవి పెట్టినట్టే చీలాయి. మొదట తెల్లని వెంట్రుకలాంటి గీత ఒకటి కనిపించి, మర్నాటికి గోరు దూరేంత సందు అయింది. డ్రిల్లింగ్ జిగ్‌కు (రంధ్రాలు వేసేటప్పుడు ముక్కను పట్టి ఉంచే చట్రానికి) కావలసిన ఈ నక్షత్రాకారపు నాబ్‌లను నేను చేతి లివరుతో నడిచే చిన్న ఇంజెక్షన్ యంత్రం మీద, రెండు పలకల అల్యూమినియం అచ్చులో పోస్తున్నాను. మధ్యలో ఎం6 మర (6 మి.మీ. బోల్టు పట్టేది) కోసిన ఇత్తడి ఇన్సర్ట్, అంటే ప్లాస్టిక్‌లో పొదిగిన ముక్క, ఉంటుంది: వ్యాసం 10 మి.మీ., పొడవు 12 మి.మీ., పైన వజ్రాకారపు నర్లింగ్, అంటే ప్లాస్టిక్‌కు పట్టు దొరికేలా నొక్కిన గరుకు గళ్లు.

పగిలినవాటిని వరుసగా పేర్చి చూస్తే, చీలిక ప్రతిదానిలోనూ గేటుకు (ప్లాస్టిక్ అచ్చులోకి వచ్చే సన్నని దారికి) సరిగ్గా ఎదుటి వైపునే ఉంది. కరిగిన ప్లాస్టిక్ గేటులోంచి వచ్చి, ఇత్తడిని తాకి రెండు పాయలుగా విడిపోయి, దాన్ని చుట్టుకుని వెనకవైపు మళ్లీ కలుస్తుంది. సుమారు ఆరు గ్రాముల బరువున్న చల్లని ఇత్తడి ఈలోగా వేడిని లాగేసుకోవడంతో అక్కడి అతుకు పచ్చిగానే మిగిలిపోతుంది. ఒక నాబ్‌ను హాక్సాతో నిలువునా కోసి ఇత్తడిని ఊడదీసి చూశాను. గేటు వైపు నర్లింగ్ గళ్లు ప్లాస్టిక్‌లో పదునుగా అచ్చుపడ్డాయి. వెనక వైపు గళ్లు సగమే పడి, అరిగిన నాణెంలా ఉన్నాయి.

అతుకు బలహీనతకు తోడు బిగువు కూడా ఉంది. ఒక్కో డిగ్రీకి ఇత్తడి మిలియన్‌లో సుమారు 19 వంతులు కుంచించుకుంటే, ఏబీఎస్ 90 వంతుల దాకా కుంచించుకుంటుంది. 100 డిగ్రీల సెల్సియస్ నుంచి గది వేడికి, అంటే 25 డిగ్రీలకు దిగేసరికి, 10 మి.మీ. వ్యాసం మీద ఇత్తడి తగ్గేది 0.014 మి.మీ.; ప్లాస్టిక్ తగ్గాలని చూసేది 0.07 మి.మీ. దగ్గర. తేడా 0.05 మి.మీ.కు పైమాటే, అదంతా సాగుదలగా ప్లాస్టిక్‌లోనే నిలిచిపోతుంది. బండి చక్రానికి కాల్చి ఎక్కించిన ఇనుప పట్టా చల్లారి ఎలా బిగుస్తుందో ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ పట్టా ప్లాస్టిక్‌ది.

ఇన్సర్ట్‌లను కొత్తగా చేయించడానికి బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్య వెళ్లినప్పుడు, హిందూపురం నుంచి వచ్చి అక్కడ లేత్ నడుపుతున్న టర్నరు పాత ముక్కను వేలితో తడిమి, “అంచులు కత్తిలా ఉంటే చీలక ఏం చేస్తుంది సార్?” అన్నాడు. రెండు అంచులకూ 0.5 మి.మీ. చాంఫర్ వేశాడు, అంటే పదును పోయేలా ఏటవాలుగా కోశాడు. ఇన్సర్ట్ ఊడి రాకుండా నడుమ 1.5 మి.మీ. వెడల్పున ఒక గాడి తీశాడు. రంధ్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తెరవకుండా ఒక వైపు మూసి ఉంచమన్నది మాత్రం నేనే. దానివల్ల ప్లాస్టిక్ వెనక నుంచి మరలోకి దూరే దారి పోయింది. ముందువైపు 4.9 మి.మీ. కోర్ పిన్ను (ఇన్సర్ట్‌ను తొడగడానికి అచ్చులో ఉండే పుల్ల) కాపలా కాస్తుంది.

మొదటిసారి నేను చేసిన మరో తెలివితక్కువ పని, కటింగ్ ఆయిల్ కడగకపోవడం. బిగువులో ఉన్న ఏబీఎస్‌కు నూనె తగిలితే పగుళ్లు త్వరపడతాయి. ఈసారి సబ్బు నీళ్లలో తోమి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టాను.

గుళికలను 80 డిగ్రీల వద్ద నాలుగు గంటలు ఎండబెట్టాను; బెంగళూరు వానల్లో ఈ పని తప్పించుకుంటే నాబ్ మీద వెండి చారలు తేలుతాయి. ఇన్సర్ట్‌లను 120 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట ఉంచాను. (వంటింటి ఓటీజీ కాదు, ఇంట్లో అనుమతి లేదు, ఎస్.పి. రోడ్డులో పాతది ఒకటి కొన్నాను.) అసలు కష్టం ఆ తరువాతే: చిమటాతో తీసి పిన్నుకు తొడిగి, అచ్చు మూసి లివరు లాగడం పది సెకన్లలో అయిపోవాలి, ఆలస్యమైతే కాచిన ఫలితం ఉండదు. మొదటి మూడు అలాగే పాడయ్యాయి. ఇన్సర్ట్ వేడిగా ఉంటే వెనకవైపు అతుకు బాగా కలుస్తుంది, ప్లాస్టిక్ గట్టిపడ్డాక ఇత్తడి కూడా దానితో కలిసి కొంత కుంచించుకుంటుంది.

ఇత్తడి చుట్టూ గోడను 3 మి.మీ. నుంచి 5 మి.మీ.కు పెంచాను. అచ్చులో అల్యూమినియం తీసేస్తే నాబ్ లావవుతుంది కనుక ఈ మార్పు సులువే. సన్నగా చెయ్యాల్సి వస్తే కొత్త అచ్చే దిక్కు. ఇత్తడి ముఖం ప్లాస్టిక్ కన్నా 0.1 మి.మీ. పైకి ఉండేలా అచ్చులో చిన్న గుంట కూడా తీశాను. బోల్టు బిగించినప్పుడు వాషరు ఇత్తడి మీదే ఆనాలి. ఇత్తడి లోపలికి దిగి ఉంటే, బోల్టే దాన్ని జాక్‌లా పైకి పీకేస్తుంది.

తొమ్మిది మంచి నాబ్‌లు వచ్చాయి. 15 సెం.మీ. స్పానరు కొసకు స్ప్రింగు తక్కెడ తగిలించి 4 కిలోల దాకా, అంటే దాదాపు 6 న్యూటన్ మీటర్ల మేర, లాగాను. ఏ ఇన్సర్టూ లోపల తిరగలేదు. పన్నెండు రోజులైనా గీత పడలేదు. అయితే గోడ లావైనందువల్ల నాబ్ పైముఖం మీద లోతు తక్కువ పల్లం ఒకటి పడింది, వెలుగుకు అడ్డంగా తిప్పితే కనబడుతుంది. లివరును మరో ఐదు సెకన్లు నొక్కి పట్టి చూశాను, కొంత తగ్గింది, పోలేదు. జిగ్‌కు నాలుగు బిగించేశాను.