చెమట పట్టని ఆట

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. బావగారన్న మాట సాయంత్రం నుంచీ గొంతులో చేపముల్లులా ఉంది. అది దిగితే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

"ఒంటికి చెమట పట్టని ఆటకి పతకాలేటి?" అన్నారు. టీవీలో ఆసియా క్రీడల గురించి ఏదో వస్తోంది, బల్ల మీద కర్రతో బంతుల్ని కొట్టే స్నూకరూ బిలియర్డ్సూ అందులో ఉండాలా అక్కర్లేదా అన్న మాట లేచింది. ఆ మాటతో ఆగినా బాగుండేది. పెట్టెలోంచి క్యూ (బంతిని కొట్టే కర్ర) తీసి, రెండు ముక్కలూ బిగించి, కర్రసాములోలా గాల్లో తిప్పి, టీ గ్లాసు రాగానే దాన్ని గోడకి ఆనించేశారు. ఆయన సంగతి మీకు తెలిసిందే. వాదన మొదలైతే భోజనాల దాకా సాగుతుంది, అక్కకి తలనొప్పి. అందుకని అక్కడ నోరెత్తలేదు.

చెమట అట! బరంపురంలో, శ్రావణంలో! అప్పడాల డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తెల్లారేసరికి అప్పడాలు మెత్తబడిపోయే ఊరిది. ఈ ఊళ్ళో ఈ ఆట ఆడేవాడికి మొదటి శత్రువు చెమటే.

క్యూ ఎడమచేతి మీద జారాలి. అరచెయ్యి బల్లకి ఆనించి బొటనవేలు పైకి లేపితే చూపుడువేలికీ దానికీ మధ్య గాడి ఏర్పడుతుంది, అదే బ్రిడ్జి. గాడి తడిస్తే కర్ర పట్టేస్తుంది. వెనక్కి లాగేటప్పుడు తెలీదు, ముందుకి తోసేటప్పుడు చివరి రెండంగుళాల్లో ఒకసారి ఆగి జారుతుంది. స్నూకర్ క్యూ కొసన ఉండే తోలు టిప్పు వెడల్పు తొమ్మిదీ పది మిల్లీమీటర్ల మధ్య. బంతి అడ్డుకొలత 52.5 మిల్లీమీటర్లు. నడిమధ్యన తగలాల్సిన టిప్పు ఒక్క మిల్లీమీటరు పక్కకి తగిలినా కర్రతో కొట్టే తెల్లబంతికి మనం అడగని సైడ్, అంటే పక్కకి తిరుగుడు, వచ్చేస్తుంది. దగ్గరి బంతయితే బతికిపోతాం. బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి కొట్టాల్సిందయితే ఎర్రబంతి అది పడాల్సిన పాకెట్ గుంట దవడకి కొట్టుకుని అక్కడే నిలబడిపోతుంది, ఇక అవతలివాడి పండగ.

పౌడర్ రాసుకోవచ్చు కదా అంటారు, క్యారమ్స్ అలవాటుతో. ఇక్కడ పౌడర్ గుడ్డ మీద పడితే మరక. బంతికి అంటుకుంటే రెండు బంతులూ తగిలే చోట రెప్పపాటు పట్టేసినట్టయి దారి తప్పుతాయి, దాన్ని కిక్ అంటారు. బల్లలు చూసుకునే మార్కర్ ఊరుకోడు కూడా. తడి తువ్వాలుతో తుడిచి, పొడి తువ్వాలుతో మళ్ళీ తుడవడమే మార్గం. పూల్ అనే చిన్నబల్ల ఆట ఆడేవాళ్ళు మూడువేళ్ళ తొడుగు వేసుకుంటారు, అది మంచి పద్ధతే.

ఇంకొకటి బావగారికి చెప్పాల్సింది. గుండెదడ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలున్నాయి చూడండి, డాక్టర్లు రక్తపోటుకి రాసేవి. పరుగు పందెంలో వాటివల్ల లాభం లేదు సరికదా, కాళ్ళకి సంకెళ్ళు. కానీ చెయ్యి వణకదు. అందుకే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాటిని కొన్ని ఆటల్లోనే నిషేధించింది: విలువిద్య, షూటింగ్, గోల్ఫ్, బిలియర్డ్స్ లాంటివాటిలో. శరీరం మీద ఏ భారమూ లేని ఆటకి గుండెదడ ఎందుకొస్తుంది, దాన్ని అణిచే మాత్రకి నిషేధం ఎందుకు? షూటింగ్ 1896 మొదటి ఒలింపిక్స్‌లోనే ఉంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి స్వర్ణం వస్తే వీధంతా మిఠాయి పంచింది ఈ బావగారే. బింద్రా పది మీటర్ల దూరంలో నిలబడి కాల్చాడు, పరిగెత్తలేదు.

పైగా ఇక్కడ మార్కులు వేసే న్యాయనిర్ణేతలుండరు. బంతి పడిందా, పడలేదా, అంతే. చొక్కా అంచు బంతికి తగిలితే రిఫరీ చూడకపోయినా ఆటగాడే చెప్పేసి పక్కకి తప్పుకుంటాడు. ఆ మర్యాద ఇంకెన్ని ఆటల్లో ఉంది?

మనకేం తక్కువ చరిత్ర లేదు. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో. ఏ ఆటలోనైనా భారతదేశానికి మొట్టమొదటి వ్యక్తిగత ప్రపంచ చాంపియన్ విల్సన్ జోన్స్, 1958లో కలకత్తాలో గెలిచింది బిలియర్డ్స్‌లోనే. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మొదటిసారి ఈ ఆటలు పెడితే అశోక్ శాండిల్య సింగిల్స్ స్వర్ణం, గీత్ సేఠీతో కలిసి డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. 2010లో గ్వాంగ్‌జౌలో మయన్మార్ ఆటగాడు నే త్వే ఊని ఓడించి పంకజ్ అద్వానీ గెలిచిందే ఆ క్రీడల్లో మన తొలి స్వర్ణం. ఆ తర్వాత 2014 ఇంచియాన్‌లో తీసేశారు. జకార్తాలో లేదు, హాంగ్‌జౌలోనూ లేదు.

తీసెయ్యడానికి అందరూ చెప్పే కారణం బల్లలు. బరువు, ఖర్చు, బిగించే పనివాళ్ళు. ఇది వినగానే నాకు ఫైలిన్ తుఫాను గుర్తొస్తుంది.

2013 అక్టోబరు 12 రాత్రి అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఇక్కడొక పాత క్లబ్బు హాలు పైకప్పు రేకులు లేచిపోయి, పెద్ద బల్ల రెండు రోజులు వానలో నానింది. పచ్చగుడ్డ నల్లబడి ముడుచుకుపోయింది. అందరూ పోయిందనే అనుకున్నారు. మార్కర్ ఒడియా ముసలాయన ఒక్కడే "రాయికి నీళ్ళేం చేస్తాయి" అన్నాడు. నిజమే, గుడ్డ కింద ఉండే రాతి పలకలు చెక్కుచెదరలేదు. ఉబ్బింది చెక్క. ఎనిమిది కాళ్ళ ఫ్రేమ్ అది, ఎండలో పెడితే మెలి తిరుగుతుందని నీడలో, కింద ఇటుకలు పెట్టి, గాలి ఆడేట్టు మూడు వారాలు ఆరబెట్టించాడు. అప్పుడు కలకత్తా నుంచి ఫిట్టర్ వచ్చాడు.

పలకలు అయిదు. విప్పేటప్పుడే సుద్దతో నంబరు వేశారు, ఏది ఎక్కడిదో, ఏ అంచు ఎటో. ఒక్కోటి నూట యాభై కిలోల పైమాటే, నలుగురు ఉండాలి. ఎప్పుడూ నిలువుగానే మోయాలి, పడుకోబెట్టి మోస్తే నడుం దగ్గర విరుగుతుంది. ముందు ఖాళీ ఫ్రేమ్ మీద రసమట్టం పెట్టి, కాళ్ళ కింద బోల్టులు తిప్పుతూ సరిచేశాడు. మధ్య పలక దించాడు, తర్వాత దానికి అటొకటి ఇటొకటి, చివరికి కొసలవి. ప్రతి అతుకు మీదా గోరు అడ్డంగా గీసి చూశాడు. గోరు తట్టుకుంటే ఒక అంచు దిగిందన్నమాట. దాని కింద పేకముక్క, అదీ ఎక్కువైతే కాగితం ముక్క. అతుకుల్లో కొందరు తేనెమైనం పోస్తారు. ఈ ఊరి వేసవికి మైనం మెత్తబడి లోపలికి దిగుతుందని ఆయన ప్లాస్టర్ నింపి, ఆరాక బ్లేడుతో గీకేశాడు.

గుడ్డ ఇంకా కష్టం. ఉన్ని గుడ్డకి నూగు ఉంటుంది. ఆ నూగు ఆట మొదలుపెట్టే బాక్ కొస నుంచి అవతలి నల్లబంతి కొసకి పడుకునేలా పరవాలి. బ్రష్షు కొట్టడమైనా, ఇస్త్రీ చెయ్యడమైనా ఎప్పుడూ అటే. ఇస్త్రీపెట్టె ముందు పాత పేపరు మీద పెట్టి చూడాలి, పేపరు కమిలితే గుడ్డా కమిలినట్టే. గుడ్డ వదులుగా లాగితే ముడతల్లో బంతి తడబడుతుంది, మరీ బిగిస్తే పాకెట్ల దగ్గర చిరుగుతుంది. అంచుల రబ్బరు కుషన్లు బోల్టులతో బిగించాక గీతలు: కింది కుషన్ నుంచి 29 అంగుళాలకి బాక్ లైను, దాని మధ్యలోంచి పదకొండున్నర అంగుళాల వ్యాసార్ధంతో డి అనే అర్ధవృత్తం. ఆఖరికి ఒక్క బంతిని మెల్లగా, అవతలి కుషన్‌ని ముద్దాడి ఆగేంత బలంతో దొర్లించాడు. గట్టిగా కొడితే బల్ల వంకర బయటపడదు. ఆగబోయే ముందు చివరి అడుగులోనే తెలుస్తుంది. ఎనిమిది చోట్ల దొర్లిస్తే ఏడు తిన్నగా వెళ్ళాయి. ఎడమ పై పాకెట్ దగ్గర మాత్రం సగం బంతి మేర పక్కకి ఒరిగింది. ఆ మూల కాలి బోల్టు పావు చుట్టు తిప్పాడు. మళ్ళీ దొర్లించాడు. తిన్నగా వెళ్ళింది. ముసలాయన బల్ల అంచు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఒక బల్లకి మూడు రోజులు. పెద్ద క్రీడలకి అలాంటివి ఓ డజను కావాలనుకున్నా, ఒక హాలు, ముగ్గురు ఫిట్టర్లు, రెండు వారాలు, ఏసీ. సైక్లింగుకి 250 మీటర్ల చెక్క ట్రాక్ కడతారు, దానికి ప్రత్యేకంగా భవనం కడతారు. బల్లలైతే ఆటలయ్యాక విప్పి క్లబ్బులకి ఇచ్చెయ్యొచ్చు. కాబట్టి బల్లల సాకు నిలవదు.

ఇక్కడిదాకా రాసి మళ్ళీ చదువుకున్నాను. సాకు నిలవదు, కానీ అసలు కారణం కూడా బల్లలోనే ఉందనిపిస్తోంది. బరువులో కాదు, రకాల్లో.

స్నూకర్ బల్ల ఆడే చోటు 3569 మిల్లీమీటర్ల పొడవు, 1778 వెడల్పు, నూగు గుడ్డ, చిన్న బంతులు. పూల్ బల్ల తొమ్మిదడుగులది, ఆడే చోటు 100 అంగుళాలకి 50, నూగులేని గుడ్డ, 57.15 మిల్లీమీటర్ల బంతి. యూరప్, కొరియా వాళ్ళ క్యారమ్ బిలియర్డ్స్‌కి పాకెట్లే ఉండవు. బంతి 61.5 మిల్లీమీటర్లు, పలక కింద హీటర్ పెట్టి రాయిని వెచ్చగా ఉంచుతారు. మన క్యారమ్స్‌కీ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. ఒక బల్ల మీద ఇంకొకటి ఆడలేం. రష్యన్ పిరమిడ్ అని ఇంకో రకం ఉంది, దాని సంగతి ఎత్తడమే లేదు. గ్వాంగ్‌జౌలో పిరమిడ్ కాక మిగతావాటికి కలిపి పది పతకాల పోటీలు పెట్టారు. "మాకు ఒక్కటి చాలు, ఇదీ మా ఆట" అని ఒకే గొంతుతో చెప్పలేనివాళ్ళకి తలుపు ఎవరు తీస్తారు? 1992లో అందరినీ కలిపి ప్రపంచ సమాఖ్య పెట్టుకున్నారు, 2001 అకితా నుంచీ, ఒలింపిక్స్‌లో లేని ఆటలకి జరిగే వరల్డ్ గేమ్స్‌లో ఆడుతున్నారు, అది మంచిదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి అడిగితే మాత్రం స్కేట్‌బోర్డింగ్, సర్ఫింగ్, క్లైంబింగ్, బ్రేకింగ్ వెళ్ళాయి, వీళ్ళు బయటే ఉండిపోయారు.

అంటే బావగారు గెలిచారని కాదు. ఆయన చెప్పిన కారణం ఇప్పటికీ తప్పే. కానీ "అన్యాయంగా తీసేశారు" అనుకుంటూ ఇది రాయడం మొదలుపెట్టిన నేనే ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నాను.

ఒకటో రెండో ఎంచమంటే పూల్‌లో తొమ్మిది బంతుల నైన్‌బాల్ ఉండాలి, సిక్స్ రెడ్ స్నూకర్ ఉండాలి. ఆరు ఎర్రబంతులే కాబట్టి గరిష్ఠ బ్రేక్, అంటే ఒక్క దఫాలో తప్పకుండా కొట్టగల పాయింట్లు, 147 బదులు 75, ఫ్రేము (ఒక్కో ఆట) తొందరగా తేలుతుంది, కొత్తవాళ్ళకీ అర్థమవుతుంది. మరి మనకి స్వర్ణాలు తెచ్చిన ఇంగ్లిష్ బిలియర్డ్స్? మూడే బంతులు. మన బంతి మిగతా రెండింటికీ తగిలే కానన్‌కి రెండు, ఎర్రబంతిని పాకెట్లో వేసే పాట్‌కి మూడు, ఎర్రబంతికి తగిలి మన బంతే పాకెట్లో పడే ఇన్-ఆఫ్‌కి మూడు. 1992లో గీత్ సేఠీ ఒకే బ్రేకులో 1276 కొట్టాడు. బంతులు దగ్గరకి చేరి, విడిపోయి, మళ్ళీ చేరుతుంటే కళ్ళు తిప్పుకోలేం, అయితే దాన్ని గట్టిగా ఆడే దేశాలు వేళ్ళ మీద లెక్క. మొదటి వేటు దానికే పడుతుంది. ఆ మాట నా చేత్తో రాయాల్సి రావడం బాధగానే ఉంది. రేపు మనసు మారితే మారొచ్చు.

మంచి సంగతి ఒకటుంది. చిన్నది చాప మీద గోళీలు పెట్టి, పెన్సిలుతో కొట్టి సగం బంతి దెబ్బ పట్టేసింది. కొట్టే బంతి మధ్యని అవతలి బంతి అంచుకి గురిపెట్టాలి. అంచు కంటికి కనిపించే చోటు కాబట్టి గురి సులువు, కాస్త తప్పినా కొట్టే బంతి మళ్ళే కోణం పెద్దగా మారదు. పదిసార్లలో ఆరుసార్లు చాప అంచున పెట్టిన గిన్నెలోకి పంపింది.

క్యూ ఇంకా గోడకే ఆని ఉంది. ఈ తేమలో రాత్రంతా అలా వాల్చి ఉంచితే కర్ర నడుం వంగుతుంది, బల్ల మీద దొర్లిస్తే కొస గెంతుతుంది, ఇక దాన్ని సరిచెయ్యలేం. లేచి, పొడిగుడ్డతో తుడిచి, రెండు ముక్కలూ విప్పి పెట్టెలో పెట్టాలి.