కాకులు గుంపు కడితే హత్యట!

రెండు రోజులుగా బుర్రలో పిట్టలే తిరుగుతున్నాయి. ఇంగ్లిష్‌లో పక్షుల గుంపుకి జాతిని బట్టి పేరు మారుతుందని తెలుసు కానీ, వాటిలో చాలా పేర్లు 1486లో ఇంగ్లండ్‌లో అచ్చయిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్'లోనే ఉన్నాయని ఇప్పుడే చదివాను. కాకుల గుంపు 'మర్డర్', హత్యే! పాడుకుంటూ నిట్టనిలువుగా ఆకాశంలోకి లేచే లార్క్ పిట్టలది 'ఎగ్జాల్టేషన్', పట్టలేని ఆనందం. స్టార్లింగులు మన గోరింకలకి చుట్టాలే, వాటి గుంపు 'మర్మరేషన్', అంటే గుసగుస.

ఆ పేర్లు పక్కన పెట్టుకుని థామస్ బ్యూయిక్ చెక్కిన పక్షుల బొమ్మలు చూస్తూ కూర్చున్నాను, అన్నం కూడా మర్చిపోయి. ఆయన ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో చెక్క మీద బొమ్మలు చెక్కే పని చేసేవాడు, బ్రిటన్ పక్షుల మీద రెండు భాగాల పుస్తకం తెచ్చాడు, 1797లో ఒకటి, 1804లో ఒకటి. గట్టి బాక్స్‌వుడ్ దుంగని అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద సన్నటి ఉక్కు పనిముట్టుతో గీతలు చెక్కుతారు. దానికి సిరా పూసి కాగితం మీద అద్దితే చెక్కిన చోట కాగితం తెల్లగా మిగిలిపోతుంది, చెక్కనిచోట సిరా అంటుకుని నల్లగా పడుతుంది. అంటే ఆయన చెక్కింది ఈకల మీద పడే వెలుగునన్నమాట! అదీ అరచేతిలో పట్టేంత చెక్క మీద, ఎందుకంటే ఆ చెట్టు కాండమే సన్నం.

మనకీ కాకిమూక ఉంది, కొంగల బారు ఉంది. చిన్నప్పుడు సాయంత్రం ఆ బారు కనిపిస్తే చాలు, గోళ్ల మీద తెల్లమచ్చలు పడాలని చేతులు పైకెత్తి పరిగెత్తేవాళ్లం. ఆ బారుని కూడా ఎవరైనా అలా చెక్క మీద చెక్కితే చూడాలనుంది. మీ ఊళ్లో పిచ్చుకల గుంపుని ఏమంటారో కామెంట్‌లో చెప్పండి, రాసి పెట్టుకుంటాను.