సోమ్‌గో సరస్సు దగ్గర టీ కప్పు

"ఇక్కడ కాదు భయ్యా" అంది టీ కొట్టు అక్క హిందీలో. నేను ఖాళీ కప్పు పడేయబోయింది రాళ్ల మధ్యకే, నీళ్లలోకి కూడా కాదు. అయినా చెత్తడబ్బా వైపు వేలు చూపించి, నేను కదిలేదాకా వదల్లేదు.

సిక్కింలోని సోమ్‌గో సరస్సు ఇది. గ్యాంగ్‌టక్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, 12 వేల అడుగులు దాటిన ఎత్తు. ఒకప్పుడు ఈ నీటి రంగు చూసి లామాలు జోస్యం చెప్పేవారట! అలాంటి సరస్సు ఒడ్డున టూరిస్టుల చెత్త పేరుకుపోతుంటే, 2008లో స్థానికులే సంరక్షణ సమితి పెట్టుకున్నారు. మన దగ్గర తీసుకునే చిన్న రుసుముతోనే శుభ్రం చేయిస్తారు.

కోనేటికి దండం పెట్టి, షాంపూ ప్యాకెట్టు మెట్ల మీదే వదిలేసే మన బ్యాచ్ గుర్తొచ్చింది. నేనూ అందులో ఉన్నవాణ్ణే లెండి.

కప్పు డబ్బాలో వేసి వచ్చాక అక్క నవ్వి ఇంకో టీ పోసింది. డబ్బులు మాత్రం తీసుకుంది.